చూసిందే చెప్పండి

పోయిన నెల రాసిన దాంట్లో స్కువా అనే పక్షి పేరు ఒకసారి వచ్చి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ముగ్గురు ఫోన్ చేశారు. "అయ్యగారూ, అదేం పిట్ట? మన దగ్గర ఉంటుందా? కనబడితే ఎలా గుర్తుపట్టాలి?" అని. మొదటి రెండు ప్రశ్నలకూ ఫోన్‌లోనే జవాబు చెప్పేశాను. మూడోది ఫోన్‌లో తేలే పని కాదు. దాన్ని నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. నేర్పిన పెద్దాయనకు కళ్ళు సరిగా కనబడవు. ఆ సంగతంతా చెబితేనే ఇది అర్థమవుతుంది, కాబట్టి కాస్త ఓపిక పట్టి చదవండి.

ముందు పక్షి గురించి. ఉత్తర ధ్రువం చుట్టూ చెట్లు మొలవని చలినేల ఉంటుంది, టండ్రా అంటారు. స్కువాలు అక్కడ, ఆ పక్కనున్న ఉత్తరాది దీవుల్లో నేల మీదే గుడ్లు పెడతాయి. పిల్లలు ఎగరడం నేర్చిన దగ్గర్నుంచి మళ్ళీ వేసవి వచ్చేదాకా సముద్రమే వాటి ఇల్లు. భూమధ్యరేఖ దాటి దక్షిణ సముద్రాల దాకా పోతాయి. చూడడానికి సీగల్ పక్షిలా ఉంటుంది. కానీ జన్యువులు చూస్తే సీగల్ కంటే పఫిన్ల కుటుంబానికే దగ్గరి చుట్టమట! ముక్కు కొసన కొక్కెం, వేళ్ళ మధ్య బాతుకున్నట్టు పొర, ఆ వేళ్ళకే గద్దకున్నట్టు వాడి గోళ్ళు. బతుకుతెరువు ఏమిటంటే, ఇంకో పక్షి కష్టపడి పట్టిన చేపను వెంటపడి, బెదిరించి, వదిలేదాకా తరిమి లాక్కోవడం. టండ్రాలో ఉన్నప్పుడు మాత్రం ఎలుకలు, లెమ్మింగులు, చిన్న పిట్టలు, గుడ్లు, ఏది దొరికితే అది తింటుంది.

మన దేశానికి వస్తుందా అంటే, వస్తుంది. కేరళ, కర్ణాటక తీరాల నుంచి పడవల్లో లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు వీటిని రాసిపెట్టారు. మన కోనసీమ ఒడ్డున నేనైతే చూడలేదు. చూసింది స్కాట్లండ్‌లో.

మా పెద్దమ్మాయి అబర్డీన్ అనే ఊళ్ళో నర్సుగా చేస్తోంది. 2018లో దానికి కాన్పు అయితే వాళ్ళమ్మా నేనూ వెళ్ళాం. జూలైలో వెళ్ళి అక్టోబరు మొదట్లో తిరిగొచ్చాం. ఆవిడకు మనవడితో క్షణం తీరిక లేదు. నాకేమో పనే లేదు. ఇక్కడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన, ఆ తర్వాత ఇంటింటికీ తిరగడం, తగాదాలు వినడం అలవాటైన మనిషిని. అక్కడ ఎవరింటికి వెళ్తాను? అందుకని నడిచేవాణ్ణి. వాళ్ళుండేది టోరీ అనే పేట. డీ నది సముద్రంలో కలిసేచోట ఆ పేట చివర ఒక కొమ్ములాగా నేల ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని గర్డిల్ నెస్ అంటారు. అక్కడ 1833లో కట్టిన తెల్లటి దీపస్తంభం ఉంది. దాని కిందే, గాలికి గోడ చాటున, మడత కుర్చీ వేసుకుని ఆ పెద్దాయన కూర్చునేవాడు. ముందు మూడుకాళ్ళ దుర్భిణి, పక్కన టీ ఫ్లాస్కు, ఒళ్ళో ఒక నోటు పుస్తకం.

చేపల పడవల మీద పనిచేసి రిటైరైన మనిషి. నలభై ఏళ్ళుగా ఆ కొమ్ము మీద కూర్చుని సముద్రం మీద పోయే పక్షులను లెక్కపెట్టి రాస్తున్నాడు. ఆ ఏడాదికి ఆయన కళ్ళ మధ్యలో మచ్చ ముదిరింది. "ఎదురుగా ఉన్న మనిషి మొహం కనబడదు, పక్కనున్న గోడ కనబడుతుంది" అని తనే నవ్వుతూ చెప్పాడు. రోజూ తోడొచ్చే స్నేహితుడు ఊరు మారిపోయాడు. నేను నాలుగైదు రోజులు వరసగా పలకరించేసరికి ఒకరోజు అడిగాడు, "పాస్టర్, మీ కళ్ళు బాగుంటాయా?" అని. బాగానే ఉంటాయన్నాను. "అయితే కూర్చోండి. నాకు కనబడనిది మీరు చెప్పండి. పేరు నేను చెబుతాను." మా స్నేహం అక్కడ మొదలైంది.

ఒక్క షరతు పెట్టాడు. "రంగు చివర చెప్పండి. ముందు ఒడ్డూ పొడుగూ, రెక్క, ఎగిరే తీరు చెప్పండి."

ఎందుకని అడిగితే ఏదో వివరించబోయాడు. నాకు ఆయన మాట కంటే ముందే మన పొలం గట్టు గుర్తొచ్చింది. పొద్దుగూకే వేళ అరమైలు దూరంలో గట్టు మీద ఎవరో వస్తుంటారు. మొహం కనబడదు, చొక్కా రంగు తెలియదు. అయినా అరుగు మీద కూర్చున్న ముసలమ్మ "అదుగో, మా రెండోవాడు" అంటుంది. ఎలా చెప్పింది? నడక! భుజం ఒక పక్కకు వాల్చి, చెయ్యి ఊపుకుంటూ వచ్చే తీరు. పక్షుల్ని చూసేవాళ్ళు దీన్ని జిజ్ అంటారట. పేరు కొత్తదే గానీ పని మనకు తెలిసిందే. ఆ మాట చెబితే పెద్దాయన చాలా సంతోషపడ్డాడు. ఆ తర్వాత ప్రతి పక్షికీ "దీని నడకేంటి పాస్టర్?" అనే అడిగేవాడు.

ఇంకొకటి కూడా చెప్పాడు. స్కువా కోసం స్కువాను వెతకొద్దు, టెర్న్‌లను చూస్తుండండి అని. టెర్న్ అంటే మన రేవుల్లో కూడా కనబడే సన్నటి తెల్ల పక్షి, చేప కోసం నిట్టనిలువుగా నీళ్ళలోకి దూకుతుంది. ఆగస్టు వచ్చేసరికి అవి డీ నది మూతి దగ్గర గుంపులుగా చేరతాయి. వాటి నోట్లో వేలెడు పొడవున్న వెండిరంగు చేప ఉంటుంది. శాండీల్ అంటారు, మన మెత్తళ్ళకంటే పొడుగ్గా, పాములా సన్నగా ఉంటుంది. పెరట్లో గద్ద నీడ పడితే కోళ్ళు ఎలా ఒక్క పెట్టున గోల చేస్తాయో, దూరాన స్కువా కనబడగానే ఆ టెర్న్‌లన్నీ అలా లేస్తాయి. ఆ గోల విన్నప్పుడే దుర్భిణి తిప్పాలి.

మొదటిసారి చూసింది నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నీటికి జానెడెత్తున, అల వెనక దాక్కుంటూ ఒక ముదురు పక్షి వచ్చింది. రెక్కలు సన్నగా, కొసలు కోసుగా. చేప పట్టుకున్న టెర్న్ ఒకటి పైకి లేచింది. ఇది వెంటపడింది. టెర్న్ ఎటు తిరిగితే అటే, మన నీడ మనల్ని వదలనట్టు, పైకీ కిందికీ పక్కకీ. ఇరవై సెకన్లు కూడా కాలేదేమో. టెర్న్ చేపను వదిలేసింది. ఆ చేప నీళ్ళను తాకేలోపే స్కువా అందుకుంది. నేను ఊపిరి బిగబట్టి అంతా చెప్పాను. పెద్దాయన టీ తాగుతూ, "ఆర్కటిక్ స్కువా" అని రాసుకున్నాడు. ఆయన చూడనే లేదు!

ఇక గుర్తుపట్టడం. చిన్న స్కువాలు మూడు రకాలు: పొమరైన్, ఆర్కటిక్, లాంగ్‌టెయిల్డ్. ఇవి కాక గ్రేట్ స్కువా అని పెద్దది ఒకటుంది. షెట్లండ్ దీవుల వాళ్ళు దాన్ని బాంక్సీ అంటారు. దాంతో పెద్ద ఇబ్బంది లేదు. మన గద్దంత ఒళ్ళు, పీపాలాంటి రొమ్ము, ఒళ్ళంతా ముదురు గోధుమరంగు, రెక్క చివర పెద్ద తెల్ల మచ్చ. ఒకసారి చూస్తే మళ్ళీ మరిచిపోరు. తంటా అంతా మిగతా మూడింటితోనే.

ఎదిగిన పక్షి అయితే, వేసవిలో అయితే, తోకే పేరు చెప్పేస్తుంది. ఆర్కటిక్‌కు తోక మధ్యలో రెండు ఈకలు సూదుల్లా బయటికి పొడుచుకొస్తాయి, మూడు నాలుగు వేళ్ళ వెడల్పంత. లాంగ్‌టెయిల్డ్‌కు అవే ఈకలు జానెడు దాకా సాగి గాలిలో రిబ్బన్లలా ఊగుతాయి. పొమరైన్‌కు ఆ రెండూ మెలితిరిగి గరిటెల్లా ఉంటాయి. కానీ తోక ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం లేదు. ఈకలు విరిగిపోతాయి, రాలిపోతాయి, పిల్ల పక్షులకు అసలు రానే రావు. అందుకే పెద్దాయన తోక గురించి అడిగేది ఆఖరున.

ఆయన అడిగే వరస ఇలా ఉండేది. తోక ఈకలు లెక్కలోకి తీసుకోకుండా, రెక్క ఒంటికి అతుక్కునే చోట ఎంత వెడల్పుంది? వెనక తోక ఎంత పొడుగుంది? పొమరైన్‌కు రెక్క మొదలు బాగా వెడల్పు, తోక దానికంటే పొట్టిగా కనబడుతుంది. ఆర్కటిక్‌కు రెండూ ఇంచుమించు సమానం. లాంగ్‌టెయిల్డ్‌కు రెక్క సన్నం, తోక పొడుగు. తర్వాత ఎగిరే తీరు. పొమరైన్ బరువైన మనిషి. ముప్పావు కిలో దాకా తూగుతుంది, రొమ్ము ముందుకు పొంగి ఉంటుంది, తొందరేం లేనట్టు నిదానంగా, నిలకడగా రెక్కలు కొడుతూ పోతుంది. ఆర్కటిక్ డేగలా పోతుంది, కాసేపు రెక్కలాడించి కాసేపు నీటిమీద జారుతుంది. లాంగ్‌టెయిల్డ్ తేలిక, బరువు మన ఊరకాకి బరువే, సుమారు 300 గ్రాములు. అందుకే అది టెర్న్‌లా ఊగుతూ ఎగురుతుంది. ఈ మూడు మాటలూ నేను నోటు పుస్తకంలో రాసుకుని రోజూ పొద్దున్నే పాఠంలా చదువుకునేవాణ్ణి.

ఆ తర్వాత రెక్కల మీద తెలుపు. రెక్క చివరి పెద్ద ఈకలకు మధ్యలో ఉండే కాడను మన కొబ్బరాకు ఈనెతో పోల్చుకోండి. ఆర్కటిక్‌కు, పొమరైన్‌కు రెక్క పైవైపు ఆ తెల్ల ఈనెలు నాలుగో ఐదో మెరుస్తాయి. లాంగ్‌టెయిల్డ్‌కు అంచున రెండే. పొమరైన్‌కు రెక్క అడుగున పెద్ద తెల్ల మచ్చ పక్కనే ఇంకో సన్నటి నెలవంక కూడా ఉంటుంది, ముఖ్యంగా పిల్లల్లో. ఈ వివరాలన్నీ సముద్రం మీద ఊగుతూ, వానతుంపరలో, అరకిలోమీటరు దూరంలో పోయే పక్షిలో చూడాలి. స్కువాల గుర్తింపు మీద 1997లో క్లౌస్ మల్లింగ్ ఓల్సెన్, హాన్స్ లార్సన్ అనే ఇద్దరు కలిసి ఒక లావుపాటి పుస్తకమే వేశారు. ఏడే ఏడు రకాల పక్షుల మీద అంత పుస్తకమా అని మొదట నవ్వుకున్నాను గానీ, సెప్టెంబరు వచ్చాక నవ్వలేదు.

రంగు సంగతికి వద్దాం, ఎందుకు చివర చెప్పమన్నాడో. ఆర్కటిక్ స్కువాలో ఒళ్ళంతా కాఫీగింజ రంగున్నవి ఉంటాయి. నెత్తి మాత్రం నల్లగా ఉండి, మెడా పొట్టా తెల్లగా ఉన్నవీ ఉంటాయి. మధ్యరకం కూడా ఉంటాయి. మూడూ ఒకటే జాతి. నల్లదీ తెల్లదీ జత కడతాయి, ఒకే గూట్లో రెండు రంగుల పిల్లలూ పుట్టొచ్చు. షెట్లండ్ వైపు నల్లవే ఎక్కువ. బాగా ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవులకు పోతే దాదాపు అన్నీ తెల్లవే. ఫెయిర్ ఐల్ అనే చిన్న దీవిలో వీటి రంగుల లెక్కలు ఏళ్ళ తరబడి కట్టారు. ఎంసీ1ఆర్ అనే ఒక జన్యువులో చిన్న తేడా వల్లే ఈ రంగు మారుతుందని 2004లో తేల్చారు. మనుషుల చర్మం, జుట్టు రంగులోనూ ఆ జన్యువుకే పాత్ర ఉంది. పొమరైన్‌లోనూ నల్లవీ తెల్లవీ ఉన్నాయి. కాబట్టి నల్ల పొమరైన్, నల్ల ఆర్కటిక్ పక్కపక్కన పోతుంటే రంగు చూసి రెండూ ఒకటే అనుకుంటాం. నల్ల ఆర్కటిక్, తెల్ల ఆర్కటిక్ కలిసి పోతుంటే అవి వేరువేరనుకుంటాం. రెండూ తప్పే. మన దేశంలో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ మాట ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

పేర్ల గురించి కూడా ఒక మాట. ఈ పక్షులకు శాస్త్రవేత్తలు పెట్టిన లాటిన్ పేరు స్టెర్కొరేరియస్. అంటే పెంటకు సంబంధించినది అని. తరిమినప్పుడు టెర్న్ వదిలే చేపను దూరం నుంచి చూసినవాళ్ళు అది రెట్ట అనుకున్నారు, స్కువా రెట్ట తింటుందనుకున్నారు. అనుకున్నది పేరైపోయింది. 1758లో లిన్నేయస్ ఆర్కటిక్ స్కువాకు ఇచ్చిన రెండో మాట పారసైటికస్, పరాన్నభుక్కు అని. అమెరికావాళ్ళు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఇంకొకరి అన్నం లాక్కునే మాట నిజమే గనక ఇది సరే. మొదటిది మాత్రం వట్టి అపవాదు. అది అపవాదని తెలిసి ఎన్నో ఏళ్ళయింది, పేరు మాత్రం పోలేదు.

ఇదే సందర్భంలో లేవీయకాండము పదకొండో అధ్యాయం గురించి పెద్దాయనకు చెప్పాను. తినకూడని పక్షుల వరసలో షఖాఫ్ అని ఒక హీబ్రూ పేరుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు దాన్ని కోకిల అంది, మన తెలుగు బైబిల్లోనూ కోకిల అనే ఉంది. తర్వాత వచ్చిన ఇంగ్లీషు అనువాదాలు చాలావాటిలో అది సీగల్ అయింది. ఈనాటి హీబ్రూలో ఆ మాటకు అర్థం కూడా సీగలే. కొమ్మ మీద కూసే కోకిలెక్కడ, ఉప్పునీటి మీద తిరిగే సీగలెక్కడ! పెద్దాయన గుడికి వెళ్ళే మనిషి కాడు. కానీ ఈ మాట విని చాలాసేపు ఆలోచించి, "అనువాదం చేసినాయన పక్కన 'జాతి తెలియదు' అని రాసుకోవలసింది" అన్నాడు.

ఆయన అలా అనడానికి కారణం ఉంది. ఆయన పుస్తకంలో ప్రతి పేజీలోనూ ఆ వరస కనబడేది. స్కువా, జాతి తెలియదు, 2. స్కువా, జాతి తెలియదు, 1. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి ఇన్నిసార్లు తెలియదని రాయడం నాకు మొదట్లో వింతగా ఉండేది.

సెప్టెంబరు రెండో వారంలో రెండు రోజులు ఉత్తరపు గాలి వీచింది. అలాంటి గాలికే లోపలెక్కడో పోయే పక్షులు ఒడ్డు దగ్గరికి వస్తాయి. లాంగ్‌టెయిల్డ్ ఒడ్డున కనబడడం అరుదు, అది నడిసముద్రపు పక్షి. ఆ ఏడాది పెద్దాయన పుస్తకంలో అది ఇంకా లేదు. వచ్చే ఏడాదికి దుర్భిణితో పని ఉండదని కంటి డాక్టరు చెప్పినట్టు ఆయన నాకు అంతకు ముందు వారమే చెప్పాడు. ఇక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మూడో రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఉత్తరం నుంచి ఒక పక్షి వచ్చింది. ఒంటరిగా, నది మూతి దాటి మా ముందు నుంచి దక్షిణానికి. నేను చెప్పడం మొదలుపెట్టాను. చిన్నది. పక్కనే పోతున్న కిట్టివేక్ కంటే ఒళ్ళు సన్నం. రెక్కలు సన్నం. టెర్న్‌లా ఊగుతోంది. పిల్ల పక్షి, తోకలో పొడుగు ఈకలు లేవు. రంగు బూడిదరంగు, చల్లటి బూడిద, ఎరుపు ఛాయ ఏమీ లేదు. పెద్దాయన చేతిలోని పెన్ను ఆగిపోయింది. పిల్ల పక్షుల్లో ఆర్కటిక్ అయితే ఒంటిమీద ఇటుక ఛాయ, తుప్పు ఛాయ ఉంటుంది. బూడిదరంగు లాంగ్‌టెయిల్డ్‌ది. కానీ ఆర్కటిక్ పిల్లల్లోనూ ఛాయలు మారతాయి, ఒక్క రంగుతో తేలదు.

"తెల్ల ఈనెలు ఎన్ని?" అన్నాడు.

పక్షి అప్పటికే మమ్మల్ని దాటి దూరమవుతోంది. రెక్క పైవైపు తెల్లగా ఏదో గీత కనబడింది. ఒకటా, రెండా, నాలుగా?

"తోక మధ్య ఈకల కొస గుండ్రంగా ఉందా, కోసుగా ఉందా?"

గుండ్రంగా ఉంటే లాంగ్‌టెయిల్డ్, కోసుగా ఉంటే ఆర్కటిక్. ఆయనే నేర్పాడు. ఏ జవాబు చెబితే ఆయన ఆ పేరు రాసుకుంటాడో నాకు తెలుసు. రెండు అని చెప్పడానికి, గుండ్రం అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ పేరు ఆయన చేత్తో మళ్ళీ రాసే అవకాశం వస్తుందో రాదో. అబద్ధమని కూడా ఎవరూ అనలేరు, ఎందుకంటే నాకు తొంభై పాళ్ళు అదేనని అనిపించింది.

"ఈనెలు లెక్కపెట్టలేకపోయాను. తోక కొస చూడలేదు" అన్నాను.

"చూడలేదా, సరిగా గుర్తులేదా?"

"చూడలేదు."

ఆయన కాసేపు సముద్రం వైపు, అంటే తనకు కనబడని వైపు, మొహం పెట్టి కూర్చున్నాడు. తర్వాత రాశాడు. స్కువా, జాతి తెలియదు, 1. పక్కన టైము, గాలి దిక్కు. నాకు మనసు ఆగక, "మీకేమనిపిస్తోంది?" అని అడిగాను. "నాకనిపించేది ఈ పుస్తకంలో రాయను పాస్టర్" అన్నాడు. కోపంగా కాదు. ఫ్లాస్కులో మిగిలిన టీ నాకు పోశాడు.

ఆ పుస్తకం ఏడాది చివర ఆ జిల్లా పక్షుల లెక్కలు చూసేవాళ్ళకు వెళ్తుంది. ఆ లెక్కలన్నీ కలిపే ఏ పక్షి తగ్గుతోందో, దేనికి రక్షణ కావాలో తేలుస్తారు. ఆర్కటిక్ స్కువా ఇప్పుడు బ్రిటన్‌లో ప్రమాదంలో ఉన్న పక్షుల ఎర్రజాబితాలో ఉంది. షెట్లండ్ చుట్టూ శాండీల్ చేపలు తగ్గిపోయిన ఏళ్ళలో టెర్న్‌లకు తిండి లేదు, వాటి నోటి దగ్గర లాక్కునే స్కువాకూ లేదు. దోచుకునేవాడి పొయ్యి వెలగాలన్నా ముందు కష్టపడేవాడి వల నిండాలి. 2024 నుంచి స్కాట్లండ్ సముద్రంలోనూ, ఉత్తర సముద్రంలోని ఇంగ్లండ్ భాగంలోనూ శాండీల్ వేట ఆపేశారు. గ్రేట్ స్కువాలకైతే 2022లో పక్షుల జ్వరం వచ్చి వేలల్లో చచ్చిపోయాయి. ఇలాంటి రోజుల్లో ఉన్న పక్షిని లేదని రాసినా, లేని పక్షిని ఉందని రాసినా దాని ఫలితం పక్షి మీదే పడుతుంది.

తిరిగొచ్చిన ఏడాదిలోనే మన దగ్గర ఒక తగాదా నా ముందుకు వచ్చింది. ఒక రైతు చేలో బోరు మోటారు పోయింది. మునిమాపు వేళ దాన్ని మోసుకుపోతున్నవాణ్ణి చూశానని ఒకాయన ఒక కుర్రాడి పేరు చెప్పాడు. కుర్రాడి తల్లి ఏడుస్తూ వచ్చింది. పెద్దల ముందు ఆ చూసినాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేను అడిగింది పెద్దాయన అడిగిన వరసే. "ఎంత దూరం నుంచి చూశావు బాబూ? పొడుగా, పొట్టా? నడక ఎలా ఉంది? బరువు ఏ భుజాన పెట్టుకున్నాడు?" చాలాసేపటికి ఆయన అన్నాడు, "మొహం చూడలేదండి అయ్యగారూ. నల్లగా ఉన్నాడు, భుజాన తువ్వాలుంది. వాడే అనుకున్నాను." నల్లగా ఉండి భుజాన తువ్వాలున్నవాళ్ళు ఆ ఊళ్ళో రెండొందల మంది ఉంటారు. అక్కడికి ఆ మాట ఆగిపోయింది. మోటారు ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. కుర్రాడు కాకినాడలో వెల్డింగు పని చేసుకుంటున్నాడు. ఊళ్ళో ఒకరిద్దరు వాణ్ణి ఇంకా ఆ పేరుతోనే పిలుస్తారని విన్నాను. స్టెర్కొరేరియస్ అని నేను మనసులో అనుకుంటాను.

ఇక ఫోన్ చేసిన ముగ్గురిలో ఒకతను ఉప్పాడ నుంచి బోటు మీద వేటకు పోయే అబ్బాయి. అతని కోసం ఈ నాలుగు మాటలు. చలికాలంలో లోపలికి పోయినప్పుడు ముదురు రంగు పక్షి ఒకటి టెర్న్‌లను తరుముతూ కనబడితే, అది స్కువా కావచ్చు. మన ఒడ్డున గద్దలు, కాకులు కూడా ఇంకోదాని నోటి చేప లాక్కుంటాయి, కాబట్టి తరిమిందని చెప్పి స్కువా అనుకోకు. రెక్క చివర తెల్ల మెరుపు ఉందా చూడు. పక్కన ఏ పక్షి ఉంటే దానితో ఒడ్డూ పొడుగూ పోల్చుకో. రెక్క మొదలు వెడల్పెంత, తోక పొడుగెంత చూడు. ఎలా ఎగురుతోందో చూడు. సెల్లులో ఫోటో తీస్తే రెక్క అడుగు కనబడేటట్టు ఒకటి, పైవైపు కనబడేటట్టు ఒకటి తియ్యి, మసకగా వచ్చినా ఫర్వాలేదు. ఒడ్డు నుంచి ఎంత లోపలున్నారో, గాలి ఎటుదో, టైమెంతో రాసుకో. చూడని గడి ఖాళీగా వదిలెయ్యి. ఫోటోలు నాకు పంపితే అబర్డీన్‌కు పంపుతాను. పెద్దాయనకు ఇప్పుడు ఫోటోలు కనబడవు గానీ, మా అమ్మాయి పక్కన కూర్చుని వర్ణించి చెబుతుంది.